ఆ ప్రాణిని ఆఖర్న అమ్మండి: కర్నూలు అక్వేరియం షాపుల వాళ్లకు ఒక ఫ్రిజ్ మెకానిక్ బహిరంగ లేఖ

కర్నూలు అక్వేరియం షాపుల అన్నలకు, భాయ్‌లకు,

నమస్కారం, సలాం. నేను చేపల మనిషిని కాదు. ఫ్రిజ్‌లు, ఏసీలు, వాటర్ కూలర్లు బాగుచేసి బతికేవాణ్ణి. మీ వ్యాపారంలో తలదూర్చడానికి నాకున్న అధికారమల్లా ఒకటే. సంక్రాంతి ముందు మీ దగ్గర కొన్న ఆక్సోలోటల్, అదే నీళ్లలో బతికే నాలుగు కాళ్ల ప్రాణి, ఉగాది నాటికి నా షాపు మెట్లెక్కుతుంది. బకెట్లో ఒకరు, ఐస్‌క్రీమ్ డబ్బాలో ఒకరు, పాలిథిన్ కవర్లో ఐసుముక్కలు వేసుకొని ఒకరు తెస్తారు. అందరూ అడిగేది ఒకటే మాట. "అన్నా, దీనికి కూలింగ్ పెట్టియ్యాల. ఎంతయితాది?"

నిరుడు ఎండాకాలం అలా నలుగురు వచ్చారు. ఈ ఏడు ఏడుగురు. అందుకే ఈ ఉత్తరం. మిమ్మల్ని తిట్టడానికి రాయడం లేదు. ఇందులో నా తప్పు కూడా ఉంది, దాన్నే ముందు చెప్పుకుంటాను.

రెండేళ్ల కిందట ఒకాయన బడికి పోయే కొడుకును వెంటబెట్టుకొని వచ్చాడు. పిల్లోడు మైన్‌క్రాఫ్ట్ ఆడతాడు. 2021లో ఆ గేములోకి ఆక్సోలోటల్ వచ్చినకాణ్నుంచి పిల్లలకు దాని మీద మోజు పుట్టింది. వీడూ నెలరోజులు అన్నం మీద అలిగి డిసెంబరులో కొనిపించుకున్నాడు. షాపులో 'వాకింగ్ ఫిష్' అని ఇచ్చారట. చలికాలం బాగానే ఉంది. గులాబీ రంగు ఒళ్లు, మెడకు రెండుపక్కలా కుచ్చుల్లాంటి మూడేసి ఎర్రటి మొప్పలు, ఎప్పుడూ నవ్వుతున్నట్టుండే మూతి. శివరాత్రికి చలి శివశివా అని పోతుందంటారు కదా, దాంతోపాటే వీళ్ల నెమ్మదీ పోయింది. మార్చి నెలాఖర్న ట్యాంకు నీళ్లు 31 డిగ్రీలు. తిండి మానేసింది, తోక కొస కొక్కెంలా ముడుచుకుంది, కుచ్చులు ముందుకు వంగిపోయాయి.

నాకు తెలిసింది కూలింగు. పాత ఫ్రిజ్ కంప్రెసర్ తీశాను, రాగి గొట్టాన్ని చుట్టలు చుట్టి నేరుగా ట్యాంకులో ముంచాను, థర్మోస్టాట్ పెట్టాను. నాలుగు గంటల్లో 18 డిగ్రీలకు దిగింది. తండ్రీకొడుకులు సంబరపడి పోయారు. నేనూ కాలర్ ఎగరేశాను. పన్నెండో రోజు ఫోన్ వచ్చింది. ఒళ్లంతా జిగట పట్టి, కుచ్చులు కరిగిపోయి, పొద్దున లేచి చూసేసరికి బోర్లా తేలి ఉందని.

వేడి చంపలేదు దాన్ని. నా రాగి చంపింది. ఈ జాతి ప్రాణుల చర్మం పలచన, నీళ్లలో కరిగిందంతా దాని లోపలికి పోతుంది. మనిషికి మంచిదని చెంబులో పోసుకొని తాగే రాగి దానికి విషం. ఫ్రిజ్ పనిలో ముప్పై ఏళ్లుగా రాగిని తాకని రోజు లేదు నాకు, అయినా ఈ ముక్క తెలియదు. ఆ పిల్లోడి ముఖం ఇప్పటికీ గుర్తుంది కాబట్టే ఆ తర్వాత కూర్చొని చదివాను, అడిగాను, నేర్చుకున్నాను. పోయినేడు ఒక కాలేజీ కుర్రాడు హాస్టల్ ఖాళీ చేస్తూ పెయింట్ బకెట్లో వదిలిపెట్టిపోయిన ఆక్సోలోటల్ ఇప్పుడు నా దగ్గరే పెరుగుతోంది. జానెడు పైన ఉంటుంది. నా భార్య దానికి ఏ పేరూ పెట్టలేదు, 'అది' అంటుంది. కానీ ఎర్రలు వేసేది మాత్రం తనే.

మీకు తెలిసే ఉంటుంది, అయినా కొనేవాళ్లకు మీరు చెప్పాలి కాబట్టి చెప్తున్నా. ఇది చేప కాదు, కప్పల బంధువు. సాలమాండర్ జాతి. కప్పపిల్ల తోక పోగొట్టుకొని గట్టెక్కినట్టు ఇది గట్టెక్కదు. చిన్నప్పటి మొప్పలతోనే పెద్దదవుతుంది, గుడ్లు పెడుతుంది, నీళ్లలోనే ముసలిదవుతుంది. సరిగ్గా చూసుకుంటే పదేళ్లు, పదిహేనేళ్లు బతుకుతుంది. దాని సొంతూరు మెక్సికో సిటీ పక్కన సోచిమిల్కో అనే చోట ఉన్న కాలువలు. ఇక్కడే ఒక చమత్కారం ఉంది. మ్యాపులో చూస్తే ఆ ఊరు భూమధ్యరేఖకు మనకంటే మూడున్నర డిగ్రీలే ఎక్కువ దూరం. అది కూడా ఎండల దేశమే కదా, మనూరికి అలవాటు పడదా అని నాతో వాదించినవాళ్లున్నారు. ఆ కాలువలు సముద్రానికి 2,240 మీటర్ల ఎత్తున ఉన్నాయి. మన ఊటీ ఎత్తు కూడా సరిగ్గా అంతే. ఊటీలో పుట్టినదాన్ని తెచ్చి కర్నూలు మేనెలలో రేకులషెడ్డు కింద పెట్టినట్టుంది మన పని.

దానికి 16 నుంచి 18 డిగ్రీలు హాయి. 20 దాకా పరవాలేదు. 24 దాటి రోజుల తరబడి ఉంటే జబ్బు చేస్తుంది. ఇది అలవాటు చేస్తే పోయే విషయం కాదు. నీళ్లు వేడెక్కినకొద్దీ అందులో ఇమిడే గాలి తగ్గుతుంది. 18 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో తొమ్మిదిన్నర మిల్లీగ్రాముల ఆక్సిజన్ నిలుస్తుంది, 32 దగ్గర ఏడు మిల్లీగ్రాముల పైచిలుకే. ఒకపక్క వేడికి దాని ఒళ్లు ఎక్కువ ఆక్సిజన్ అడుగుతుంది, ఇంకోపక్క నీళ్లు తక్కువ ఇస్తాయి. ఆ పైన ట్యాంకులో మురికి నుంచి పుట్టే అమోనియా కూడా వేడికి ఇంకా విషమవుతుంది. క్షారం పాలు ఎక్కువైన, అంటే పీహెచ్ 8 ఉన్న నీళ్లలో అదే అమోనియా 18 డిగ్రీల దగ్గర చేసే చెరుపుకు, 32 దగ్గర రెండున్నర రెట్లు చేస్తుంది. మన బోరు నీళ్ల పీహెచ్ మీకు తెలియనిది కాదు.

"రోజూ రెండు ఐసు బాటిళ్లు వేయండి, చాలు" అని మీలో కొందరు చెప్తున్నారట. ఇది నా లెక్క, నా వృత్తి లెక్క, కాస్త ఓపిగ్గా వినండి. ఒక పెద్ద ఆక్సోలోటల్‌కు కనీసం 75 లీటర్ల ట్యాంకు కావాలి. లీటరు బాటిల్ ఐసు పూర్తిగా కరిగినా ఆ నీళ్లు తగ్గేది ఒకటింబావు డిగ్రీ. 32 నుంచి 18కి దించాలంటే పదీ పదకొండు బాటిళ్లు ఒకేసారి వేయాలి, అదీ బయటినుంచి వేడి రానే రాదనుకుంటే. వేడి రాకుండా ఉంటుందా మనూళ్లో? కొన్ని గంటల్లో మళ్లీ మొదటికొస్తుంది. పైగా ఇలా ఎక్కుతూ దిగుతూ ఉండటం దానికి ఇంకో పెద్ద బాధ.

ఫ్యాను మాట వేరు. నీటి మీదుగా ఫ్యాను గాలి తగిలితే ఆవిరై చల్లబడుతుంది, కూజా నీళ్ల సూత్రమే. మన దగ్గర గాలి పొడిగా ఉంటుంది కాబట్టి విజయవాడలో కంటే ఇక్కడ ఇది బాగా పనిచేస్తుంది. నేను నా షాపులో పెట్టి చూశాను. బయట 42 ఉన్న రోజు ఫ్యాను ఒక్కదానితోనే ట్యాంకు 26 దగ్గర నిలబడింది. ముచ్చటేసింది. కానీ అక్కడే ఆగింది, ఒక్క డిగ్రీ కిందికి రాలేదు. ఎంత మంచి కూజా అయినా ఐసునీళ్లు ఇవ్వదు కదా. ఒక వాన పడి గాలి తేమెక్కిన రోజు 28కి పోయింది. ట్యాంకు నీళ్లు కూడా రోజుకో అంగుళం తగ్గిపోతాయి, ఉప్పూ, నీళ్లకు గరుకుదనం ఇచ్చే లవణాలూ మిగిలి పేరుకుపోతాయి. కాబట్టి ఫ్యాను అక్టోబరుకు, ఫిబ్రవరికి పనికొస్తుంది. ఏప్రిల్, మే నెలలకు కంప్రెసర్ ఉన్న చిల్లరు, అంటే నీళ్లను చల్లబరిచే మిషనే గతి. చిన్న చిప్పు పెట్టి అమ్మే కూలర్లు ఉన్నాయి చూడండి, కంప్రెసర్ లేనివి, అవి పాతిక లీటర్ల నీళ్లకే ఆయాసపడతాయి, 75కు ఏమాత్రం సరిపోవు.

చిల్లరు కొనే స్తోమత అందరికీ ఉండదు. నేనిప్పుడు చేసి ఇచ్చేది ఇలా ఉంటుంది. ఆఫీసుల్లో మూలపడేసిన పాత వాటర్ కూలర్‌లో స్టీలు ట్యాంకుకు బయటివైపు రాగి చుట్టలుంటాయి, నీళ్లకు తగిలేది స్టీలే. అక్వేరియం నీళ్లను చిన్న మోటారుతో అందులోకి పంపి తిరిగి ట్యాంకులోకి తెస్తాను. డిజిటల్ థర్మోస్టాట్‌ను 17కు పెడతాను. తిరిగొచ్చే గొట్టానికి చిల్లులు పెట్టి నీళ్లు ధారలా కాకుండా చెమ్మలా జారేట్టు చేస్తాను, ఎందుకంటే ఇది ప్రవాహంలో ఈదే ప్రాణి కాదు, నిలవ నీటిది. గట్టిగా కొట్టే ఫిల్టరు ముందు నాలుగు రోజులుంటే దాని కుచ్చులు వాడిపోతాయి. ట్యాంకుకు మూడుపక్కలా, అడుగునా అంగుళం థర్మాకోల్ అంటిస్తాను. థర్మాకోల్‌తో కంప్రెసర్ ఆగి ఆగి తిరుగుతుంది, అది లేకపోతే మధ్యాహ్నమంతా ఆగదు, మీటరూ ఆగదు. కరెంటు పోతే ఇంట్లో ఇన్వర్టరు దీన్ని లాగలేదు. అందుకే మూత ఉన్న ప్లాస్టిక్ టబ్బు ఒకటి సిద్ధంగా ఉంచుకొమ్మని చెప్తాను. అందులో దాని ట్యాంకు నీళ్లే పోసి, ప్రాణిని పెట్టి, పక్కన చుట్టూ ఐసు సర్దుకోవాలి, నీళ్లలో కాదు.

ఇదంతా చెప్తే వచ్చినవాళ్లు ఒకే మాట అంటారు. "ఇంత తతంగమని ముందే చెప్పుంటే కొనేవాళ్లమే కాదు."

మీకు మనవి చేసేదంతా ఆ మాటలోనే ఉంది. ఆ ప్రాణిని ఆఖర్న అమ్మండి. ముందు ట్యాంకు అమ్మండి, స్పాంజి ఫిల్టరు అమ్మండి, క్లోరిన్ తీసే మందు, నీళ్లు పరీక్షించే కిట్టు, థర్మామీటరు, ఫ్యానో చిల్లరో అమ్మండి. అవన్నీ వాళ్లింట్లో ఆరు వారాలు తిరగనివ్వండి. అప్పుడు రమ్మనండి. మీ గల్లాపెట్టెకు నష్టం లేదు, ప్రాణి మీద కంటే సామాను మీదే మీకు మిగులుతుందని మీలో ఒకాయనే నాతో అన్నాడు.

ఆరు వారాలు ఎందుకో కొనేవాళ్లకు మీరే విడమరిచి చెప్పాలి, ఎందుకంటే వాళ్లకు కనిపించేది గాజుపెట్టెలో నీళ్లే. ఇది మాంసం తినే ప్రాణి, చేపకంటే ఎక్కువ మురికి చేస్తుంది. ఆ మురికి అమోనియా అవుతుంది. ఒకరకం సూక్ష్మజీవులు అమోనియాను నైట్రైట్ చేస్తాయి, ఇంకోరకం దాన్ని నైట్రేట్ చేస్తాయి. మొదటి రెండూ విషాలు, మూడోది కొద్దిగా ఉంటే పరవాలేదు, వారం వారం నీళ్లు మార్చి తగ్గించుకోవచ్చు. ఈ సూక్ష్మజీవులు స్పాంజిలో కాపురం పెట్టి పెరగడానికి నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. పాలు తోడుపెట్టి గంటలో పెరుగు కావాలంటే అవుతుందా? "ఈ సీసాలో బ్యాక్టీరియా ఉంది, పోసి రేపే వేసుకోండి" అని అమ్మితే ఆ రేపటి నుంచే ప్రాణి తన ఉచ్చలో తాను ఉడుకుతుంది.

ఇందులో మనకు కలిసొచ్చే సంగతి ఒకటుంది. ఈ తోడు వేడిలోనే త్వరగా అంటుకుంటుంది. ఖాళీ ట్యాంకును ఏప్రిల్‌లో, మేలో చిల్లరు లేకుండానే తిప్పొచ్చు. చిటికెడు చేపల మేత రోజూ వేసి కుళ్లనిస్తే అమోనియా అదే పుడుతుంది. కిట్టు చుక్కలు వేసి చూస్తూ ఉండాలి. అమోనియా సున్నా, నైట్రైట్ సున్నా చూపించి, నైట్రేట్ కనబడ్డప్పుడు సగం పైన నీళ్లు మార్చి, చిల్లరు పెట్టి, చల్లబడ్డాక ప్రాణిని తెచ్చుకోవచ్చు. కర్నూలు ఎండ మన దగ్గర ఎవరికైనా ఉపకారం చేసేదుంటే ఈ సూక్ష్మజీవులకే.

నీళ్ల విషయంలో రెండు రకాల పొరపాట్లు నా దగ్గరకు వచ్చాయి. మున్సిపాలిటీ కొళాయి నీళ్లు తెచ్చి నేరుగా పోసినవాళ్లు. తుంగభద్ర నీళ్లు మంచివే, కానీ అందులో క్లోరిన్ ఉంటుంది, అది మొప్పల్ని కాలుస్తుంది, సూక్ష్మజీవుల్నీ చంపుతుంది. ఇంకోరకం వాళ్లు బాగా ప్రేమ గలవాళ్లు. మనం తాగే నీళ్లే దానికీ అని 20 లీటర్ల మినరల్ క్యాన్లు నాలుగు కొని పోశారు. ఆ నీళ్లలో మినరల్ పేరులోనే ఉంది. ఆర్వో మిషన్ లవణాలన్నీ తీసేస్తుంది, ఇది కాస్త గరుకు నీళ్లు కోరే ప్రాణి. ఈ గరుకుదనం ఒక్కటే మన బోర్లు దానికి నప్పేలా ఇచ్చే వరం. ఆ గరుకుదనం మరీ మితిమీరిన చోట నేను కొళాయి నీళ్లు, బోరు నీళ్లు సగం సగం కలిపి, క్లోరిన్ మందు వేసి వాడుతున్నాను.

ట్యాంకుతో ఉచితంగా రంగు గులకరాళ్లు ఇస్తారు కదా, ఈ ప్రాణి కొన్నవాళ్లకు దయచేసి ఇవ్వొద్దు. ఇది నమిలి తినదు. నోరు ఒక్కసారి తెరిచి నీళ్లతో సహా లోపలికి పీల్చేస్తుంది. ఎర్రతోపాటు గులకరాయీ పోతుంది, పేగులో అడ్డం పడుతుంది. నా షాపుకొచ్చిన ఒకదాని పొట్ట తడిమితే గోలీల సంచిలా ఉంది. వట్టి గాజు అడుగే మేలు. నేను మొదట బేతంచెర్ల నాపరాయి పలక వేద్దామనుకున్నాను, కాళ్లకు పట్టు దొరుకుతుందని. అది సున్నపురాయి, మన బోరు నీళ్లకు ఇంకా గరుకు కలుపుతుందని మానుకున్నా. మట్టికుండ పగిలిన సగం బోర్లించి పెట్టాను, పగలంతా దాని కిందే ఉంటుంది. కళ్లకు రెప్పలుండవు పాపం, ట్యాంకు లైటు వేస్తే ఎటు పోవాలి? షాపులో మీరు పెట్టే నీలం లైటు కూడా తీసేయమని మనవి.

తోడుగా చేపలు అమ్మడం కూడా ఆపాలి. గోల్డ్‌ఫిష్ దాని కుచ్చుల్ని పురుగులనుకొని కొరుకుతుంది, చిన్న చేపల్ని అది మింగుతుంది. దాని పిల్లలైతే ఒకదాని కాలు ఒకటి కొరుక్కుంటాయి. కాలు మళ్లీ మొలుస్తుంది, అది నిజమే, దానికోసమే శాస్త్రవేత్తలు నూటయాభై ఏళ్ల పైనుంచి దాని వెంట పడుతున్నారు. 1860లలో మెక్సికో నుంచి ఓడలో ప్యారిస్‌కు 34 తెచ్చారు, ప్రయోగశాలల్లో తిరిగే వాటిలో చాలావాటికి ఆ కొన్నే తాతముత్తాతలు. కానీ మొలుస్తుంది కదా అని కొరికించడం ఏం న్యాయం?

తిండికి ఎర్రలు. కేసీ కాలువ గట్టున గాలం వేసేవాళ్లు తవ్వుకొచ్చేవి, మందులు కొట్టని నేలలోవి. వర్మీకంపోస్టు యూనిట్ల నుంచి తెచ్చే వాళ్లకు ఒక మాట. చారలున్న సన్నటి ఎర్రవి చేదు ద్రవం వదులుతాయి, ఇది నోట్లో పెట్టుకొని ఉమ్మేస్తుంది. లావుగా, ఊదారంగులో ఉండేవైతే ఇష్టంగా తింటుంది. పెద్దదానికి రెండు మూడు రోజులకొకసారి చాలు, మిగిలింది అరగంటలో తీసేయాలి. కుచ్చుల మీద తెల్లటి దూది కనిపిస్తే అది బూజు. మీరు ఇచ్చే చేపల మందుల్లో కొన్నింట్లో రాగి ఉంటుంది, ఆ సీసా మీద అక్షరాలు చదవకుండా ఇవ్వొద్దు. నా దగ్గర జరిగింది మీ దగ్గర జరక్కూడదు. ముందు నీళ్లు చూడండి, చల్లదనం చూడండి, ఎండిన బాదం ఆకులు రెండు వేయండి. సగం బూజు చల్లటి శుభ్రమైన నీళ్లకే పోతుంది.

ఇంకొకటి మీ మంచికే. సొంతూళ్లో ఇవి దాదాపు లేనట్టే. సోచిమిల్కో కాలువల్లో 1998లో చదరపు కిలోమీటరుకు ఆరువేలు లెక్కకొస్తే, 2014లో 36 మిగిలాయి. అందుకే అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలు పెట్టే సైటిస్ అనే దేశాల ఒప్పందం రెండో జాబితాలో ఉంది. 2022లో మన వన్యప్రాణి చట్టాన్ని సవరించి ఆ జాబితా జంతువుల్ని కొత్త నాలుగో షెడ్యూల్లోకి తెచ్చారు. 2024లో వచ్చిన నియమాల ప్రకారం ఇంట్లో పెంచేవాళ్లు కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేష్ పోర్టల్లో నమోదు చేసుకోవాలి, చేతులు మారినా, పిల్లలు పుట్టినా, చనిపోయినా చెప్పాలి. కాగితం లేకుండా అమ్మితే కొన్న తండ్రి రేపు మీ పేరే చెప్తాడు. పెంచలేక హంద్రీలోనో, తుంగభద్రలోనో వదిలేస్తామనే వాళ్లు కూడా కనిపిస్తున్నారు. వాళ్లకు "వెనక్కి తెచ్చివ్వండి, డబ్బులడగం" అని ఒక్క మాట చెప్పి పంపండి. మీరు తీసుకోకపోతే నా దగ్గరికి పంపండి.

శివరాత్రి నుంచి వానలు పడేదాకా, చిల్లరు పెట్టుకున్నట్టు ఫొటో చూపించనివాళ్లకు అసలు అమ్మొద్దు. ఆ నాలుగు నెలల్లో మీకు పోయే బేరం ఎంతో నాకు తెలియదు. ఆ నెలల్లో నా షాపు ముందు బకెట్ పట్టుకొని నిలబడే పిల్లల సంఖ్య మాత్రం నాకు తెలుసు.

నేను చెప్పేది నమ్మబుద్ధి కాకపోతే మీ షాపు ట్యాంకులోనే ఒక థర్మామీటరు వేసి, కొనేవాళ్లకు కనిపించేట్టు అద్దానికి అంటిద్దాం. థర్మామీటరు నేనే తెస్తాను, డబ్బులొద్దు. ఏ రోజు రమ్మంటారో చెప్పండి. మధ్యాహ్నం రెండు, నాలుగు మధ్య అయితే మేలు, అప్పటికి రేకు బాగా కాగి ఉంటుంది.

ఇట్లు,
బురుజు వెనక సందులో ఫ్రిజ్ మెకానిక్,
కర్నూలు